సమాధుల మధ్య దీపావళి

అమావాస్య రాత్రి శ్మశానం వైపు చూడ్డానికే జంకుతారు చాలామంది. కరీంనగర్‌లోని కార్ఖానాగడ్డలో మాత్రం కొన్ని దళిత కుటుంబాలు దీపావళి నాడు పిల్లాపాపలతో అక్కడికే వెళ్తాయి. తమవాళ్లు ఉన్నది అక్కడే మరి!

పండక్కి కొన్ని రోజుల ముందే పని మొదలవుతుంది. గడ్డి పీకి, ముళ్లకంపలు కొట్టేసి, సమాధులకు రంగులేస్తారు. పండగ సాయంత్రం పూలతో అలంకరించి, పోయినవాళ్లు ఇష్టంగా తినే వంటకాలు వండి తెచ్చి పెడతారు. దీపాలు వెలిగిస్తారు. ఆనక టపాసులు! తాతను ఎన్నడూ చూడని మనవడు కూడా ఆయన పక్కనే నిలబడి కాకరపువ్వొత్తి కాలుస్తాడు. దశాబ్దాలుగా ఇదే ఆనవాయితీ.

ఇంచుమించు ఆ రోజుల్లోనే మెక్సికోలోనూ ఇలాంటి పండగే. నవంబరు 1, 2 తేదీల్లో జరిగే ‘దియా దె లోస్ ముయెర్తోస్’... అంటే మృతుల దినం. మొదటిరోజు పసివాళ్ల ఆత్మలూ మర్నాడు పెద్దవాళ్లవీ వస్తాయని నమ్మకం. ఫొటోల ముందు రొట్టెలు, చక్కెర పుర్రెలు పెడతారు. వచ్చేవాళ్లు దారి తప్పకుండా బంతిపూల రేకలు చల్లుతారు. మన బతుకమ్మలో పేర్చే బంతి పుట్టిల్లూ ఆ దేశమే! ఈ వేడుకను యునెస్కో 2008లో వారసత్వ జాబితాలో చేర్చింది. 2017లో వచ్చిన ‘కోకో’ సినిమా కథకు మూలం ఇదే. అన్నట్టు, మెక్సికో నగరంలోని భారీ ఊరేగింపు పాత సంప్రదాయమేం కాదు. 2015లో జేమ్స్‌బాండ్ సినిమా ‘స్పెక్టర్’లో చూపించాకే, 2016లో మొదలైంది. అసలు పండగ ఇళ్లలో, సమాధుల దగ్గర.

ఊళ్లు వదిలి హైదరాబాద్‌లోని బోరబండ లాంటి బస్తీల్లో స్థిరపడిన తెలంగాణ కుటుంబాలకు భాద్రపద అమావాస్యే పెద్దల రోజు... పెత్రమాస. పోయినవాళ్ల పేరు చెప్పి బియ్యం, కూరగాయలు ఇస్తారు. కొందరిళ్లలో మాంసం, కల్లూ పెడతారు. చిత్రమేమిటంటే, పొద్దున పెద్దలను తలుచుకున్న ఇంట్లోనే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. ఏడవాల్సిన రోజనీ ఆడాల్సిన రోజనీ విడదీయలేదు మనవాళ్లు.

నవంబరు 2న నారాయణగూడ శ్మశానవాటికలో క్రైస్తవులు సమాధులపై కొవ్వొత్తులు వెలిగిస్తారు. షబ్-ఎ-బరాత్ రాత్రి ముస్లింలు ఖబరస్తాన్‌లకు వెళ్తారు. దహనం చేసేవాళ్లకు ఆ వీలు లేదు. అస్థికలు ఏటిలో కలిశాక మిగిలేది గోడమీది ఫొటోయే. పూడ్చేవాళ్లదీ నగరంలో వేరే కష్టం. పాత శ్మశానాల్లో జాగా లేక, ఇంట్లో ఎవరైనా పోతే అమ్మానాన్నల సమాధినే మళ్లీ తెరవాల్సి వస్తోంది.