గాదె తాళం సీతమ్మ గారి చేతిలో

కొత్తపేట వైపు నుంచి రాజోలు వెళ్లే రైతు సోదరులు పి.గన్నవరం దగ్గర వైనతేయ గోదావరి దాటుతూ కిందికి చూసే ఉంటారు. కింద నది, పైన కాలువ! నగరం లంక చేలకి నీళ్లు ఆ అక్విడక్టు మీదుగానే వెళతాయి. మొదటిది 1850వ దశకంలో, ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన రోజుల్లోనే కట్టారు. పాతది పాడైపోయాక కొత్తది కట్టి, 2000లో ప్రారంభించి, డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. వంతెనలకి మంత్రుల పేర్లు, దొరల పేర్లు పెట్టడం చూశాం. వంటింట్లో జీవితమంతా గడిపిన ఒక రైతు ఇల్లాలి పేరు కాలువకి ఎందుకు పెట్టారో మీ పిల్లలు అడిగితే చెప్పడానికి పనికొస్తుందని ఈ నాలుగు మాటలు.

సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుప్పిండి భవానీశంకరం గారు. ఇంటికొచ్చిన వాళ్లకి బువ్వ పెట్టి పంపేవారు కాబట్టి ఊళ్లో ఆయన్ని బువ్వన్న అనేవారట. తల్లి చిన్నప్పుడే పోయారు. దాంతో ఆ ఇంటి పెత్తనం, పొయ్యి, అతిథులు అన్నీ ఆ చిన్నపిల్ల నెత్తిన పడ్డాయి. లంకల గన్నవరం పెద్దరైతు డొక్కా జోగన్న గారు ఒకసారి ఆ ఇంట భోజనం చేశారనీ, ఆ పిల్ల పని చేసే తీరు చూసి సంబంధం అడిగారనీ చెబుతారు. అలా ఆమె గోదావరి పాయల మధ్యకి కాపురానికి వచ్చారు.

లంకల గన్నవరం అప్పట్లో బాటసారుల ఊరు. బస్సుల్లేవు, రోడ్లు అంతంత మాత్రం. లంకలకి పోవాలన్నా, అంతర్వేది తీర్థానికి వెళ్లాలన్నా నడక, పడవ, లేకుంటే ఎడ్లబండి. వరదొస్తే రేవు దగ్గర రెండు రోజులు ఆగిపోవాల్సిందే. అలా ఆగిన వాళ్లకి డొక్కా వారి ఇల్లు కనిపించేది. కులం, ఊరు అడక్కుండా, వేళ చూడకుండా పెట్టేవారని కోనసీమంతా పేరు పాకింది.

ఇక్కడ కాస్త ఆగి, మనం రైతులం కాబట్టి రైతు లెక్క ఒకటి వేద్దాం. ఆ ఇంట్లో రోజుకి ఎంతమంది తిన్నారో లెక్క రాసి పెట్టిన వాళ్లు లేరు. మాటవరసకి 50 మంది అనుకోండి. మనిషికి రెండు పూటలకీ కలిపి అరకిలో బియ్యం. రోజుకి 25 కిలోలు, ఏడాదికి 91 క్వింటాళ్ల పైమాటే. అంత బియ్యం రావాలంటే ధాన్యం 140 క్వింటాళ్లు కావాలి, అంటే 75 కిలోల బస్తాలు దగ్గర దగ్గర 187. ఎకరానికి 30 బస్తాలు తీసే నేటి రైతుకి ఇది ఆరెకరాల పైచిలుకు పంట. యూరియా లేని, దేశవాళీ వరి కాలంలో అందులో సగం పండినా గొప్పే. అంటే పన్నెండెకరాలు కేవలం వచ్చేపోయే వాళ్ల కోసమే పండాలి! ఉప్పు, పప్పు, నూనె, వంటచెరకు వేరే. మజ్జిగ కోసం పాడి వేరే. మిల్లులు ఊరూరా లేని కాలం, వడ్లన్నీ రోకలితో దంచాల్సిందే. ఆ దంచిన చేతుల పేర్లు, ఆ చేలు దున్నిన పాలేర్ల పేర్లు ఏ కథలోనూ రావు. మాకైతే అదొక లోటుగానే తోస్తుంది.

ఆనకట్ట లేకపోతే ఈ గాదె నిండేదా అన్నది కూడా ఆలోచించాలి. 1876-78లో మద్రాసు రాజధానిని ధాత కరువు పట్టి పీడించినప్పుడు సైతం కాలువ నీళ్లున్న డెల్టాలో గింజ పండింది.

సీతమ్మ గారి గురించి చెప్పుకునే కథల్లో మాకు బాగా నచ్చింది అంతర్వేది ప్రయాణం. ఎన్నాళ్ల నుంచో లక్ష్మీనరసింహస్వామి దర్శనానికి వెళ్లాలని ఆశ. ఇంటి పని తెమిలితేగా! చివరికి ఒకసారి బయలుదేరారు. దారిలో ఒకచోట ఆగితే, పక్కనే ఓ పెళ్లివారి గుంపు. పిల్లలు ఆకలని ఏడుస్తుంటే పెద్దవాళ్లు, ఇంకాసేపు ఓర్చుకోండి, గన్నవరం చేరామంటే సీతమ్మ గారింట్లో అన్నం తినొచ్చు అంటున్నారు. ఆ మాట చెవిన పడగానే ఆమె స్వామికి అక్కడి నుంచే దణ్ణం పెట్టుకుని, బండి వెనక్కి తిప్పించి, వాళ్ల కంటే ముందే ఇల్లు చేరి పొయ్యి రాజేశారట. ఎవరినీ అడగలేదు, తనకు తనే నిర్ణయించుకున్నారు. ఆ రోజుల్లో ఆడమనిషి తన యాత్ర తానే రద్దు చేసుకుని తిరిగి రావడం చిన్న సంగతి కాదు.

వరద రాత్రి ఆవలి లంక నుంచి ఆకలి కేక వినిపిస్తే భార్యాభర్తలు పడవ మీద అన్నం మోసుకెళ్లారని ఇంకో కథ. ఇందులో జోగన్న గారి పాలు మరవకూడదు. మొదట్లో ఆయన ఏమనుకున్నా, ఇల్లాలి మాటకి అడ్డం రాకపోవడం వల్లే ఇదంతా సాగింది.

సాగింది గానీ, ఊరికే సాగలేదు. పెట్టిన కొద్దీ ఆస్తి కరిగింది. చేతిలో ఏమీ మిగలని దశలో జోగన్న గారికి చేలో తవ్వుతుంటే బంగారు నాణేల బిందె దొరికిందని చెప్పుకుంటారు. దొరికిందో లేదో మనకెందుకు గానీ, అలాంటి కథ పుట్టిందంటేనే ఆ గాదె అడుగంటిన సంగతి ఊరందరికీ తెలుసన్నమాట. ఇంట్లో నాలుగెకరాలున్న మనకి ఆ బెంగ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అయినా వడ్డన ఆపలేదంటారు.

1902లో ఏడో ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకం జరిగింది. ఆ సందర్భంగా ఆమెకు పిలుపొచ్చిందనీ, వెళ్లలేదనీ, కనీసం ఫొటో అయినా పంపమంటే దానికీ ఒప్పుకోలేదనీ చెబుతారు. పంపకపోతే నా ఉద్యోగం పోతుందమ్మా అని వచ్చిన అధికారి బతిమాలితే, అతని కూడు పోకూడదని అప్పుడు కూర్చున్నారట. ఇప్పుడు మనం చూసే ఆ ముసలమ్మ బొమ్మ అదేనంటారు.

1909 ఏప్రిల్ 28న, 68వ ఏట కన్నుమూశారు. ఆ కాలానికి నిండు జీవితమే.

వందేళ్లు దాటాక 2011లో, అన్నం పెట్టిన పేరున్న ఇదే కోనసీమలో రైతులు గిట్టుబాటు కావడం లేదని పంట విరామం ప్రకటించి సార్వా చేలు బీడు పెట్టారు. ఆ ఏడు మీలో చాలామంది గాదెలు చూసుకునే ఉంటారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి సీతమ్మ గారి పేరు పెట్టింది. ఇప్పుడు మన పిల్లల కంచాల్లో పడుతున్న అన్నం ఆ పేరుతోనే పడుతోంది. గన్నవరం మీదుగా వెళ్లేటప్పుడు, తొందర లేకపోతే, ఆ కాలువ గట్టున ఓసారి ఆగి చూడండి. సార్వా రోజుల్లో నీళ్లు నిండుగా పోతుంటాయి.