మిద్దె ఇంట్లోకి వెలుతురు ఎట్లా వచ్చేది?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వైపు పాత ఊర్లలోకి పోతే మట్టి మిద్దెలు ఇంకా అక్కడక్కడా కనపడతాయి. బయట ఎండ మండిపోతున్నా లోపల చల్లగా ఉంటుంది, కానీ చీకటి. గోడలు మందం, కిటికీలు తక్కువ. వెలుతురంతా పైనున్న గవాక్షిలోంచే. వాన మొదలైతే ఎవరో ఒకరు మిద్దెక్కి దాన్ని మూయాల్సిందే! రాత్రికి గోడ గూట్లో ఆముదం దీపం, తర్వాత కిరసనాయిలు బుడ్డి. గూటి పైన మసి ఇప్పటికీ పోలేదు.

సామానంటే ఏముంది, నులక మంచం, ఉట్టి, గింజల గాదె. చాలా ఇళ్లలో ఎద్దులు కూడా అదే కప్పు కింద, గాటిపాట్లో. నేలకు నాపబండలు, మన బేతంచెర్ల వైపువి.

అసలు సంగతి కప్పుది. దూలాలు, దంతెలు, వాటి మీద మట్టి, ఆపైన చవుడు. చవుట్లో సోడియం ఎక్కువ. తడవగానే బంకమట్టి రేణువులు విడిపోయి సందులు మూసేస్తాయి, ఇంక నీళ్లు దిగవు. కాకపోతే ఏటా వానలకు ముందు కొత్త చవుడు పోయాలి. ఆ చాకిరీ ఎందుకులే అని మా జేజి ఇంటికి మేం పైన సిమెంటు వేయించాం. పగుళ్లలోంచి దిగిన తడి ఆరే దారి లేక దూలం పుచ్చిపోయింది. మీకూ మిద్దె ఉంటే, సిమెంటు మాట ఎత్తకముందు దూలాలు తెలిసినాయనకు చూపించండి. మా దూలం మార్చేది వచ్చే వీడియోలో చూపిస్తా.