గేటు దాటినా తీరని నిరీక్షణ

ముందస్తు విడుదలతో ఊరట కొందరికే.. మనసు కుదుటపడేది ఎప్పటికో!

వేలూరు, ప్రతినిధి: కుప్పంలో చెన్నై రైలెక్కితే గంటలోపే జోలార్‌పేట జంక్షన్. మనవాళ్లకు బాగా తెలిసిన స్టేషనే. ఆ ఊరి తల్లి అర్పుతమ్మాళ్ కొడుకు కోసం 31 ఏళ్లు జైళ్ల చుట్టూ, కోర్టుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగారు. రాజీవ్‌గాంధీ హత్య కేసులో 1991 జూన్‌లో పేరరివాళన్‌ను పట్టుకెళ్లినప్పుడు వయసు 19. విడుదల చేయమని సుప్రీంకోర్టు 2022 మే 18న చెప్పేనాటికి 50. యవ్వనమంతా నాలుగు గోడల మధ్యే కరిగిపోయింది.

ఉరి నీడలో..
ఉరిశిక్ష పడ్డవాడికి రోజులు లెక్కపెట్టుకోవడమే పని. పేరరివాళన్, మురుగన్, శాంతన్‌లను ఉరి తీయడానికి 2011 సెప్టెంబరు 9న ముహూర్తం కూడా పెట్టేశారు. మద్రాసు హైకోర్టు స్టే ఇవ్వడంతో ఆగింది. క్షమాభిక్ష అర్జీపై 11 ఏళ్లు నాన్చారంటూ 2014లో సుప్రీంకోర్టు ఆ శిక్షను యావజ్జీవంగా మార్చింది. ఈలోగా పేరరివాళన్ కూర్చోలేదు. 2012లో వేలూరు జైలు నుంచే ప్లస్‌టూ రాసి 1200కు 1096 మార్కులు తెచ్చుకున్నారు. మనసు నిలబెట్టుకోవడానికి ఆయనకు దొరికిన ఊతం చదువు.

అందరికీ అలా కుదరదు. ఇదే కేసులోని రాబర్ట్ పయాస్ 2017లో కారుణ్య మరణానికి అనుమతించమని ప్రభుత్వానికి రాశారు. అదే ఏడాది మురుగన్ జీవసమాధి అవుతానంటూ వేలూరు జైల్లో అన్నం మానేశారు. వదిలేస్తారనే ఆశ చూపి ఏళ్లకేళ్లు ఆపితే, ఆ ఆశే గుండెల మీద కుంపటి అవుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? తమిళనాడు మంత్రివర్గం 2018 సెప్టెంబరులోనే ఏడుగురి విడుదలకు సిఫార్సు చేసినా ఆ ఫైలు గవర్నర్ దగ్గరే ఆగిపోయింది.

క్షమించడం తేలికా?
2008 మార్చిలో ప్రియాంకాగాంధీ వేలూరు జైలుకొచ్చి, తండ్రి హత్య కేసులో శిక్ష అనుభవిస్తున్న నళినిని కలిశారు. తమ కుటుంబం క్షమించేసిందని 2018లో రాహుల్ సింగపూర్‌లో చెప్పారు. అయితే శ్రీపెరుంబుదూరులో ఆ రాత్రి చనిపోయింది రాజీవ్ ఒక్కరే కాదు. బందోబస్తుకు వచ్చిన పోలీసులూ, కార్యకర్తలూ ఉన్నారు. పేలుడులో గాయపడి బతికిన మహిళా పోలీసు అధికారి ఒకరు విడుదలను బాహాటంగానే తప్పుపట్టారు. ఒకరింటి పండగ మరొకరింట పాత గాయాన్ని కెలకడమూ నిజమే. వాళ్ల మాట వినకుండా తలుపు తీస్తే ఊరట ఒకవైపే.

బయటికొచ్చి మళ్లీ లోపలికే..
మిగతా ఆరుగురి విడుదలకు 2022 నవంబరు 11న ఉత్తర్వు వచ్చింది. మర్నాడు నళిని బయటికొచ్చారు. భర్త మురుగన్ మాత్రం నేరుగా తిరుచ్చి ప్రత్యేక శిబిరానికి. శ్రీలంక పౌరులు కావడంతో శాంతన్, పయాస్, జయకుమార్‌లకూ అదే దారి. జైల్లో పుట్టిన కూతురు ఎక్కడో విదేశంలో. దంపతులు విడుదలైనా ఇల్లు కుదరలేదు.

శాంతన్ కథ మరీ ఘోరం. జాఫ్నాలో తల్లి ఎదురుచూస్తోంది. పంపడానికి అనుమతీ వచ్చింది. ఇంతలో జబ్బుచేసి 2024 ఫిబ్రవరి 28న చెన్నై ఆసుపత్రిలో కన్నుమూశారు. 32 ఏళ్ల తర్వాత ఆ తల్లికి చేరింది కొడుకు శవమే. మిగతా ముగ్గురూ అదే ఏప్రిల్‌లో శ్రీలంక వెళ్లారు.

చట్టం ఏమంటోంది?
మరణశిక్షకు వీలున్న నేరంలో యావజ్జీవం పడితే కనీసం 14 ఏళ్లు జైల్లో గడిపాకే శిక్ష తగ్గింపుతో విడుదల. 2024 జులై నుంచి అమలైన నాగరిక్ సురక్షా సంహిత 475వ సెక్షనూ పాత నిబంధననే కొనసాగించింది. తమిళనాడైనా, కర్ణాటకైనా, ఆంధ్రా అయినా ఇదే లెక్క. సత్ప్రవర్తన చూసి ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయం ఔనో కాదో వేళకు చెబితే ఖైదీ ఏదో ఒకదానికి మనసు సిద్ధం చేసుకుంటాడు. బాధితులకూ ముందే తెలుస్తుంది.

తాళం తీయడం అధికారుల చేతిలో పని. లోపల గడ్డకట్టిన ఏళ్లను కరిగించేది మాత్రం ఇంటి పలకరింపే. అది అందేలోపే శాంతన్‌కు టైమైపోయింది.