మిఠాయి అంగడిలో లెక్కల యంత్రము



గోదావరి మండలములలో కాజాను గూర్చి వినని వారుండరు. తాపేశ్వరపు మడత కాజాయు, కాకినాడ గొట్టము కాజాయు మన పెండ్లిండ్లకును సారెలకును వన్నె తెచ్చిన పదార్థములు. బందరు లడ్డుకు 2017వ సంవత్సరమునను, ఆత్రేయపురపు పూతరేకులకు 2023వ సంవత్సరమునను భౌగోళికమైన గుర్తింపు లభించినది. ఈ ప్రఖ్యాతికెల్ల మూలము చేతి నేర్పు. అయినను చేతి నేర్పు గల చిన్న అంగళ్ళు కొన్ని మూతపడుచుండుట మనము చూచుచునే యున్నాము. అచ్చట రుచికి లోపము లేదు. లెక్కకు లోపము కలదు. బేరము బాగుగనే సాగును, గల్లాపెట్టె నిండుగనే కనబడును. ఏడాది చివర చూడగా అప్పు మిగులును. ఆ ధనము ఎక్కడ జారిపోయినది? ఈ ప్రశ్నకు కంప్యూటరు ఎంతవరకు సమాధానము చెప్పగలదో, ఎచ్చట చెప్పజాలదో నేడు మనవి చేసెదను.

కంప్యూటరు ఏ పనిని ఏ క్రమమున చేయవలెనో తెలుపు ఆజ్ఞల కూర్పునకు సాఫ్ట్‌వేర్ అని పేరు. 1979వ సంవత్సరమున అమెరికాలో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను నిరువురు విసికాల్క్ అను గడుల పట్టికను లోకమునకు అందించిరి. ఒక గడిలోని అంకెను మార్చినచో, దానిపై ఆధారపడిన అంకెలన్నియు తమంత తామే మారుట దాని విశేషము. మన దేశమున 1986లో ఆరంభమైన టాలీ సంస్థ వర్తకుల చిట్టా ఆవర్జాలను యంత్రమునకు ఎక్కించినది. నేడు ఆ పని చేతిలోని ఫోనునందే జరుగుచున్నది. కావున ఇది పెద్ద కార్ఖానాలకు మాత్రమే తగినదని చిన్న వర్తకుడు వెనుదీయవలసిన పని లేదు.

మిఠాయి అంగడికి కావలసినవి మూడు పద్దులు. మొదటిది పాళ్ళ పట్టిక: ఒక కలుపునకు ఏ సరుకు ఎంత పడును, ఎంత మిఠాయి దిగును అనునది. రెండవది సరుకు పద్దు: కొట్టులోనికి వచ్చినదెంత, వెలికి పోయినదెంత, వారము చివర తూచి చూడగా మిగిలినదెంత అనునది. మూడవది అమ్మకపు పద్దు. యంత్రము చేయు పనియెల్ల ఈ మూడింటిని ఒకదానితో నొకటి పోల్చి, ఖర్చు కావలసినదెంత, నిజముగా ఖర్చు అయినదెంత అని చూపుటయే. ఆ రెండింటి నడుమ నుండు తేడాయే నష్టము దాగియుండు చోటు.

ఒక ఉదాహరణము చెప్పెదను. ఇందలి అంకెలు లెక్క తెలియుటకై కల్పించినవి గాని, వంటకు కొలతలు కావు. ఒక కలుపునకు 10 కిలోల మైదా, 12 కిలోల పంచదార, 4 కిలోల నూనె పట్టి, 25 కిలోల కాజా దిగుననుకొందము. వారమునకు 200 కిలోలు అమ్ముడయినవి, ఏమియు మిగులలేదు. అనగా ఎనిమిది కలుపులు. పట్టిక ప్రకారము 80 కిలోల మైదా, 96 కిలోల పంచదార, 32 కిలోల నూనె ఖర్చు కావలెను. కొట్టు తూచి చూడగా మైదా 80 కిలోలే పోయినది. పంచదార 110, నూనె 41 కిలోలు పోయినవి. తేడా 14 కిలోల పంచదార, 9 కిలోల నూనె. పంచదార కిలో 45 రూపాయలు, నూనె 140 రూపాయలు అనుకొన్నచో వారమునకు 1,890 రూపాయలు. 52 వారములకు 98,280 రూపాయలు. చిన్న అంగడికి ఇది ఒక పనివాని జీతములో పెద్ద భాగము.

ఈ తేడాను చూచినంతనే యజమాని పనివారిని అనుమానించుట లోకసహజము. కాని లెక్కనే నిదానముగా చదువవలెను. తయారైన కాజాలు ఎవరైనను తీసికొనిపోయియుండినచో మైదా కూడ అధికముగా ఖర్చయి యుండెడిది. మైదా సరిపోయినది గనుక కాజాలు పోలేదు. పంచదారయు నూనెయు కొట్టునుండియే పోవుట సంభవమే. అయినను ముందుగా పొయ్యి వద్ద చూడవలెను. పాకము అవసరమునకు మించి పట్టి, మిగిలినది గడ్డకట్టగా పారబోయుచున్నారా? నూనె తగినంత కాగకముందే వాయి వేయుచున్నారా? మూకుడు నిండ ఒక్కసారిగా వేసినచో నూనె చల్లారును. చల్లారిన నూనెలో వేగిన పిండి నూనెను అధికముగా త్రాగును. అప్పుడు కాజా బరువెక్కి జిడ్డుగా నుండును, రుచియు చెడును. ఇట్టిచో ఖర్చు తగ్గించుటయు రుచి నిలుపుటయు ఒకే పని యగుచున్నది. వాయి చిన్నది చేయుట, పాకమును తూచి పట్టుట, ఇవియే చికిత్స. ఒక మనిషిని నిష్కారణముగా నిందించు పాపము కూడ తప్పును.

నూనె విషయమున మరియొక మాట. మాటిమాటికి కాచిన నూనె విరిగి ఆరోగ్యమునకు హాని చేయును. అట్లు విరిగిన పదార్థములు నూనెలో నూటికి 25 పాళ్ళు మించినచో దానిని వాడరాదని మన దేశపు ఆహార భద్రతా సంస్థ విధించిన నియమము 2018 జూలై 1 నుండి అమలునకు వచ్చినది. కావున ఖర్చు తగ్గించుట యనగా పాత నూనెనే మరల మరల కాచుట కాదు. ఏ దినమున క్రొత్త నూనె పోసితిమో, ఎన్ని వాయిలు వేగినవో పద్దులో నున్నచో, మార్చవలసిన వేళ తెలియును.

ఇక అమ్ముడుపోక చెడు సరుకు మాట. కాజా కొన్నాళ్ళు నిలువయుండును. పాలకోవా వంటివి అట్లు నిలువవు. విడిగా అమ్ము మిఠాయిల పళ్ళెములపై, ఏ తేదీ లోపల తినుట మేలో వ్రాసి యుంచవలెనని 2020 అక్టోబరు 1 నుండి నియమము చేసిరి. కలిపిన దినమును యంత్రమున వ్రాసినచో, గడువు సమీపించిన పళ్ళెమును అది ముందుగా చూపును. ముందు చేసినది ముందు అమ్మవలెను. అమ్ముడుపోదని తోచినచో, చెడకముందే ఆకలిగొన్న వారికి పెట్టవలెను. 2022వ సంవత్సరమున లోకమున 105 కోట్ల టన్నుల ఆహారము వ్యర్థమైనదని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగము లెక్కగట్టినది. అది ప్రజలకు అందుబాటునకు వచ్చిన ఆహారములో నూటికి 19 పాళ్ళు.

రేపు ఎంత చేయవలెను అనునది అన్నిటికంటె కష్టమైన ప్రశ్న. యంత్రము నిరుటి అమ్మకములను చూచి సలహా చెప్పును. అయితే అది సాధారణముగా ఇంగ్లీషు తేదీలను పట్టుకొని పోవును. మన పండుగలు తిథులను పట్టుకొని వచ్చును. దీపావళి 2023లో నవంబరు 12న, 2024లో అక్టోబరు 31న, 2025లో అక్టోబరు 20న వచ్చినది. నిరుటి తేదీని నమ్మి సరుకు చేసినవాడు పండుగనాడు చాలక, పండుగ వెళ్ళిన తరువాత మిగిలి, రెండు విధముల నష్టపడును. 2023లో అధిక శ్రావణము వచ్చినది. ఆ నెలలో పెండ్లిండ్లు లేవు. ఆషాఢమున బేరము పలుచబడుట, మూఢములలో ముహూర్తములు లేకుండుట యంత్రమునకు తనంత తెలియదు. పంచాంగము చూచి, ఊరి పెండ్లిండ్లను విచారించి, ఆ సంగతులను దానికి తెలుపవలసినవారు మీవంటి పెద్దలే. ఈ పనిలో యువకుల వ్రేళ్ళును, పెద్దల జ్ఞాపకమును కలిసి నడువవలెను.

తూచుట యనిన కొందరు పాకశాస్త్ర నిపుణులకు చిన్నతనముగా తోచును. ఏండ్ల తరబడి కంటితోను చేతితోను కొలిచిన వారికి త్రాసు చూపుట అవమానమని వారి భావము. వారితో పోరాడుట తగదు. వారి చేతనే మంచి కలుపు ఒకటి చేయించి, వారు వేసినదంతయు తూచి, దానినే పట్టికగా వ్రాయవలెను. అప్పుడు ఆ పట్టిక వారి విద్యకు వ్రాతప్రతి యగును. వారి తరువాత వచ్చు పిల్లవానికి గురువగును. పాకము తీగ వచ్చినదా లేదా అనునది మాత్రము ఆ చేయియే చెప్పవలెను. ఏ పద్దును చెప్పజాలదు.

మరియొకటి గుర్తుంచుకొనవలెను. తూచక ఊహించి వ్రాసిన అంకెలను యంత్రమున వేసినచో, అది తప్పునే చక్కగా అచ్చువేసి యిచ్చును. అట్లే నేయి ధర చూచి నేయి తగ్గించుటకు పట్టికను వాడినచో, ఒక నెల లాభము కనబడి, పిదప బేరమే పోవును. తగ్గించవలసినది పారబోయు సరుకును గాని, తినువాని భాగమును కాదు.

మీ యింటి పిల్లలు మిఠాయి అంగడి పెట్టదలచినచో, మొదటనే సొమ్ము పోసి సాఫ్ట్‌వేర్ కొనవలదని చెప్పుడు. ఒక మంచి త్రాసు కొని, ఎక్కువగా అమ్ముడుపోవు ఒక్క మిఠాయిని ఎన్నుకొని, ఒక నెల దినములు కాగితముపై ఆ మూడు పద్దులను వ్రాయవలెను. వ్రాయు అలవాటు కుదిరిన పిదప ఆ పద్దులను ఫోనున కెక్కించిన చాలును. ఆ నెల చివర కొట్టు తూచునపుడు మీరును ప్రక్కన కూర్చుండుడు. తేడా ఎంత వచ్చినదో, ఎందుకు వచ్చినదో పొయ్యి వద్ద నున్నవారిని నెమ్మదిగా అడుగుడు.