వాకిటి ముగ్గు – పలకమీది లెక్క

ధనుర్మాసము వచ్చినదనగా మార్కాపురము మొదలు కంభము మీదుగా గిద్దలూరు వఱకును గల పల్లెలలో తెల్లవాఱకముందే వాకిళ్ళు కల్లాపితో తడిసి, వానిపై ముగ్గులు వెలయును. ఏడు చుక్కలు పెట్టి, ఇరుప్రక్కల నాలుగు వచ్చువఱకు సందుచుక్క లుంచుమని తల్లి చెప్పగా కుమార్తె తడబడక పెట్టును. ఆ తల్లినే గణితము వచ్చునాయని యడిగినచో “మాకు లెక్క లెక్కడివమ్మా!” యని నవ్వివేయును. ఆ మాట సరికాదని చెప్పుటకే మే మీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఆ ముగ్గునే తీసికొందము. వరుసగా 4, 5, 6, 7, 6, 5, 4 – మొత్తము 37 చుక్కలు. నడిమి చుక్కను విడిచి చూడుడు. దానిచుట్టును 6, వానిచుట్టును 12, ఆ పైని 18 చుక్కలున్నవి. చుట్టుచుట్టునకును ఆఱేసి పెరుగుచున్నవి. కావున మఱియొక చుట్టు వేయదలచిన యామెకు 24 చుక్కలు కావలెననియు, మొత్తము 61 యగుననియు పిండి చేతికి తీసికొనకముందే తెలియును.

ఇక ఒకటి మొదలు నాలుగువఱకు పెంచి, మరల ఒకటికి దించు సందుచుక్కల ముగ్గు. 1, 2, 3, 4, 3, 2, 1 కలిపిన 16 వచ్చును. అనగా నాలుగు నాలుగులు. ఐదువఱకు పెంచిన ఐదైదులు ఇరువదియైదు. ఇందలి మర్మము సులభము. ముగ్గును మూలనుండి కాక ప్రక్కనుండి చూడుడు: నాలుగు వరుసలలో నాలుగేసి చుక్కలు కానవచ్చును. వర్గమను మాటకు పాఠశాలలో చెప్పు అర్థ మిదియే.

మెలికముగ్గులో ఇంతకంటె వింత గలదు. ఎదురుచుక్కలు పెట్టి, చుక్కకును చుక్కకును నడుమ గీతలు ఒకదాని నొకటి దాటునట్లును, అంచులందు మాత్రమే మరలునట్లును త్రిప్పుడు. రెండు వరుసలలో మూడేసి చుక్కలున్నచో ఒక్క గీతయే అన్నిటిని చుట్టి బయలుదేరినచోటికి చేరును. నాలుగేసి యున్నచో రెండు గీతలు కావలెను. మూడు వరుసలలో ఆఱేసి యైనచో మూడు గీతలు. అడ్డము సంఖ్యను, నిలువు సంఖ్యను రెంటిని శేషములేక భాగించు సంఖ్యలలో పెద్దదేదో, అన్నియే గీతలు. పిల్లలు “గరిష్ఠ సామాన్య భాజకము” అని వల్లించి విసుగుచెందు లెక్క యిదియే.

ఈ సంగతిని పండితులును గుర్తించిరి. గిఫ్ట్ సిరొమొనీ, రాణీ సిరొమొనీ, కమలా కృతివాసన్ అను మదరాసు పండితులు 1974లో తమిళ స్త్రీల కోలములను పరిశీలించి, భాషకు వ్యాకరణమున్నట్లే ముగ్గునకును నియమము లున్నవని గణితరీతిని ప్రకటించిరి. కంప్యూటరుచే చిత్రములు గీయించు శాస్త్రమునకు మన వాకిలి ఉదాహరణమైనది. ఆఫ్రికాలో అంగోలా దేశపు చోక్వే జనులు ఇసుకపై చుక్కలచుట్టు గీయు బొమ్మలలోను ఇట్టి నియమములే కానవచ్చినవి.

అయినను ముగ్గు వేయుటయే గణిత విద్యయని మేము చెప్పుట లేదు. చేయి నేర్చినదానిని మనసు “ఇట్లేల వచ్చినది?” అని యడిగిననాడే అది శాస్త్రమగును. ఆ ప్రశ్న నడుగు నలవాటు మన యిండ్లలో తక్కువ. ఆడపిల్ల యొకసారి లెక్కలో తప్పినచో “దానికి లెక్కలు రావు” అని తేల్చుదుము. ఆ మాట విని విని పిల్లయు నమ్మును. పై తరగతులలో గణితమును విడిచిపెట్టును. ఆ తెల్లవాఱుననే ఆమె 37 చుక్కలు తప్పులేక పెట్టినదని ఎవ్వరును తలపరు.

దీనికి మందు మార్కాపురమందే యున్నది. పొరలుగా విడివడు రాతిని చదునుచేసి కొయ్యచట్రము బిగించిన పలకలకు ఆ యూరు పేరుగన్నది. కాగితపు పుస్తకములు పెరిగి పలక వాడుక తగ్గినను, ముగ్గు నేర్చుకొనుటకు దానివంటిది లేదు. తప్పిన తుడువవచ్చును; తుడిచినదానికి సిగ్గులేదు.

సోదరీమణులారా, అంగడిలో అంటించు ముగ్గులు దొరకుచున్నవి. పని తీరును గాని అందు లెక్క యుండదు. ఈ సాయంకాలము మీ కుమార్తెకు పలకయు బలపమును ఇచ్చి, నాలుగు వరుసలలో ఆఱేసి చుక్కలు పెట్టించి, గీతలెన్ని కావలెనో ముందుగా చెప్పుమనుడు. చెప్పిన పిమ్మట గీసి చూడుమనుడు. రెండని చెప్పి, రెండే వచ్చినప్పుడు ఆమె మొగమున వెలుగు సంతోషమును చూచినవారు, లెక్కలు ఆడువారికి కావని మరల అనజాలరు.