వారసత్వ పంపకాలు - చిన్నవవుతున్న కమతాలు

హైదరాబాద్ పాతబస్తీలో మూసీ ఒడ్డున 1920లో ప్రారంభమైన హైకోర్టు భవనానికి పల్లెల నుంచి భాగ పంపిణీ వివాదాలు దశాబ్దాలుగా వస్తున్నాయి. తండ్రి భూమిలో ఎవరి వాటా ఎంతో న్యాయస్థానం తేల్చగలదు. ఆ వాటాలో సేద్యం గిట్టుబాటు కాగలదా అన్నది మాత్రం పొలంలోనే తేలవలసి ఉంటుంది.

వ్యవసాయ గణన ప్రకారం 1970-71లో దేశంలో 2.28 హెక్టార్లుగా ఉన్న సగటు కమతం 2015-16 నాటికి 1.08 హెక్టార్లకు తగ్గింది. 2015-16లో ఈ సగటు తెలంగాణలో 1.00 హెక్టారు, ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టారుగా నమోదయింది.

విస్తీర్ణం తగ్గడం కన్నా భూమి చెదిరిపోవడం ఎక్కువ నష్టదాయకం. రేగడి ఒకరికి, చల్క మరొకరికి దక్కడం న్యాయం కాదని వాటాదారులు ప్రతి సర్వే నంబరునూ చీల్చుకొంటారు. నాలుగు చోట్ల రెండేసి ఎకరాలున్న కుటుంబంలో నలుగురు ఈ విధంగా పంచుకొంటే 20 గుంటల చొప్పున పదహారు ముక్కలు ఏర్పడతాయి. చతురస్రాకారపు ఎకరాన్ని నాలుగు పట్టీలుగా విడగొట్టి, మూడడుగుల వెడల్పున మూడు గట్లు వేస్తే గుంటన్నరకు పైగా నేల గట్ల కిందకే పోతుంది. ఇరుకు మడిలో ట్రాక్టరు తిరగడం కష్టం. ఒక బావి సరిపోయిన చోట ఎవరి బోరు వారు వేసుకోవడంతో అప్పు పెరిగి, భూగర్భ జలం తరుగుతుంది. పాసుపుస్తకంలో పేరు మారని వారసునికి పంట రుణం పొందడం కూడా కష్టమవుతుంది.

ఈ సమస్యను గుర్తించి నాటి హైదరాబాద్ రాష్ట్రం 1956లోనే కమతాల విచ్ఛిన్న నివారణ, ఏకీకరణ చట్టాన్ని చేసింది. అయితే ఏకీకరణ విస్తృతంగా అమలయింది పంజాబ్, హర్యానా వంటి ప్రాంతాలలోనే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 4(2) నిబంధన కమతాల విచ్ఛిన్నాన్ని నివారించే చట్టాలకు మినహాయింపునిచ్చేది. 2005 సవరణ ఆ నిబంధనను తొలగించడంతో పాటు కుమార్తెలకు కుమారులతో సమాన హక్కు కల్పించింది. కావున పొలం ముక్కలు కాకుండా కాపాడే పేరుతో ఆడపిల్లల వాటాను వదులుకోమనడం ఆ చట్టం ఉద్దేశానికి విరుద్ధం.

చిన్న కమతం అసమర్థమైనదని కూడా భావించనవసరం లేదు. చిన్న కమతాలలో ఎకరా దిగుబడి పెద్ద కమతాల కన్నా అధికంగా ఉండడాన్ని అమర్త్య సేన్ 1962లోనే చర్చించారు. కుటుంబ శ్రమను అధికంగా వినియోగించడం అందుకొక కారణం. చిన్న రైతుకు కొరవడేది యంత్రం, నీరు, రుణం, మార్కెట్లో బేరమాడే శక్తి.

హక్కును పంచుకొంటూనే సేద్యాన్ని కలిపి చేయడం దీనికి ఆచరణీయ మార్గం. సర్వే చేయించి హద్దులు, దారి, నీటి వాటా పంపకపు పత్రంలోనే రాసుకోవడం, ఒకే బోరును వంతులవారీగా వాడుకోవడం, యంత్రాలను అద్దెకు తెచ్చుకోవడం, ఉత్పత్తిదారుల సంఘాల ద్వారా ఉమ్మడిగా అమ్ముకోవడం వల్ల సాగు ఖర్చు తగ్గుతుంది. వాటాల నిర్ణయంతో పాటు ఈ ఏర్పాట్లను కూడా ముందుగానే చేసుకొన్న కుటుంబాలకు పొలం గట్టు తగాదా న్యాయస్థానం వరకు వెళ్లే అవసరం తగ్గుతుంది.