ఫూత్కార గుణములు – నాగస్వర పీక : నాదసాధనలో తొలి మెట్లు

సంగీతశాస్త్ర గ్రంథాలలో వీణకు లభించిన విస్తృతి సుషిరవాద్యాలకు లభించలేదు. అయినను పదమూడవ శతాబ్దికి చెందిన శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరం వాద్యాధ్యాయంలో వంశం, పావ, పావిక, మురళి, మధుకరి, కాహళ మొదలైన సుషిరవాద్యాలను వరుసగా వివరించాడు. వేణువును గురించి చెప్పే సందర్భంలో ఆయన వాద్యనిర్మాణంతో ఆగక, ఊదే ఊపిరికి కూడా గుణదోషాలను నిరూపించాడు. ఊదుటకు ఆయన వాడిన మాట ఫూత్కారం. స్నిగ్ధత, ఘనత, రక్తి, వ్యక్తి, ప్రచురత, లాలిత్యం, కోమలత్వం, అనురణనం, త్రిస్థానత్వం, శ్రావకత్వం, మాధుర్యం, సావధానత అనే పన్నెండును ఫూత్కార గుణాలుగా ఆయన పరిగణించాడు. ఈ గ్రంథానికి సంగీతసుధాకరమనే వ్యాఖ్యను రచించిన సింహభూపాలుడు తెలుగుదేశానికి చెందిన రేచెర్ల ప్రభువుగా ప్రసిద్ధుడు. కనుక ఈ విచారణ తెలుగువారికి పరాయిది కాదు.

వేణువు కోసం చెప్పిన ఈ గుణాలు నాగస్వరానికి అన్వయించునా? అన్వయించినచో, వాద్యాన్ని కొత్తగా చేతబట్టిన విద్యార్థికి అవి ఏ విధంగా ఉపకరిస్తాయి? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడమే ప్రస్తుత వ్యాసోద్దేశం.

పీక స్వరూపం

వేణువులో ఊపిరి రంధ్రపు అంచును తాకి నాదమవుతుంది. పెదవికీ అంచుకూ మధ్య మరొక వస్తువు లేదు. నాగస్వరంలో అట్లా కాదు. ఊపిరి ముందుగా గడ్డితో చేసిన రెండు పలుచని రేకుల మధ్య నుండి పోవాలి. ఆ రేకులు క్షణంలో వందలమార్లు మూసుకొని తెరచుకోవడం వల్ల గొట్టంలోని గాలి కంపిస్తుంది. ఈ రేకుల జతనే తెలుగువారు పీక అంటారు, తమిళదేశ విద్వాంసులు సీవాళి అంటారు. తెలుగులో కంఠానికీ, సన్నాయి నోటికీ ఒకే మాట ఉండటం గమనింపదగినది. గాయకునికి కంఠమెట్టిదో నాగస్వర విద్వాంసునికి పీక అట్టిది. గాయకుని కంఠం పుట్టుకతో వచ్చి జీవితాంతం తోడుంటుంది. పీక మాత్రం కొద్దికాలానికే అరిగి మార్చవలసి వస్తుంది.

నదీతీరాలలో పెరిగే రెల్లుజాతి కాడలను కోసి, ఎండబెట్టి, చాలాకాలం నిలువ ఉంచి, ఆపై మెత్తపరచి, నొక్కి, దారంతో కట్టి పీకను తయారుచేస్తారు. దానిని చిన్న లోహపు గొట్టానికి తొడిగి, ఆ గొట్టాన్ని వాద్యపు పైకొనలో అమరుస్తారు. వాద్యం పైభాగాన వేలాడే దారాలకు అదనపు పీకలూ, దంతంతోగాని కొమ్ముతోగాని చేసిన సూది వంటి పుల్లా కట్టి ఉంటాయి. చూపరులకు అవి అలంకారాలుగా కనిపించవచ్చును. నిజానికి అవి విద్వాంసుని పనిముట్లు. పుల్లతో పీక నోటిని శుభ్రపరుస్తారు, దాని తెరపును సవరిస్తారు. కచేరీ మధ్యలో పీక మొరాయిస్తే మరొకటి తక్షణం తొడుగుతారు.

దోషం ఎక్కడిది?

కొత్త విద్యార్థికి ఎదురయ్యే మొదటి చిక్కు ఇక్కడనే ఉన్నది. నాదం బొంగురుపోయినప్పుడు అది తన ఊపిరి లోపమో, పీక లోపమో అతనికి తెలియదు. పీక లోపాన్ని తన లోపమనుకొన్నవాడు నిరుత్సాహపడతాడు, తనకు ఈ విద్య రాదని విడిచిపెట్టవచ్చును. తన లోపాన్ని పీకపై నెట్టినవాడు పీకలు మారుస్తూ కాలం గడుపుతాడు. నాదసాధనలో తొలి పాఠం స్వరావళి కన్న ముందుగా ఈ వివేకమే కావాలి.

దీనికి సులభమైన పరీక్షలు ఉన్నాయి. ఒకే స్వరాన్ని రెండు మూడు పీకలతో ఊది చూడాలి. లోపం అన్నింటిలోనూ నిలిచి ఉంటే అది ఊపిరిది. ఒక్కదానిలోనే ఉంటే అది పీకది. పీకను వాద్యం నుండి తీసి దానిని మాత్రమే ఊదినప్పుడు తేలికగా, నిండుగా పలకాలి. ఎంత బలంగా ఊదినా పలుకక, పలికినప్పుడు శ్రుతికి మించి పోతే పీక గట్టిది, లేదా దాని నోరు మరీ తెరచి ఉన్నది. తక్కువ స్థాయిలో పలికి, పై స్థాయిలో మూగపోయి, శ్రుతి దిగజారుతుంటే పీక మెత్తబడినది. స్వరంతోపాటు బుసబుసమనే శబ్దం వస్తుంటే అంచుల వద్దగాని దారపు కట్టు వద్దగాని గాలి జారిపోతున్నది. ఇట్లాకాక, స్వరం ఆరంభంలో శ్రుతిలో ఉండి ఊపిరి చివరకు కిందికి వాలిపోతే, లేక సన్నగా వణుకుతుంటే, పీకను నిందించుటకు వీలు లేదు. అది సాధకుని ఊపిరి దోషమే.

నాదసాధన క్రమం

సాధనకు మూలం దీర్ఘస్వరం. శ్రుతిని దగ్గర పెట్టుకొని, మధ్యస్థాయి షడ్జాన్ని ఒక్క ఊపిరిలో కదలకుండా నిలపడం మొదటి మెట్టు. అదే స్వరాన్ని మెల్లగా ఆరంభించి, క్రమంగా పెంచి, తిరిగి తగ్గించడం రెండవది. ఈ పెంపు తగ్గింపులలో శ్రుతి మారకపోవడమే కష్టం. ఒత్తిడి పెరిగితే స్వరం పైకి పోవాలని చూస్తుంది. పెదవుల పట్టును సడలించి దానిని నిలపాలి. ఆ తరువాత పంచమం, తారషడ్జం, మంద్రపంచమం సాధించాలి.

నాగస్వరపు గొట్టం పైన సన్నగా ఉండి కిందికి పోనుపోను వెడల్పవుతుంది. ఈ శంకువు ఆకారం వల్ల ఊపిరి ఒత్తిడి పెంచినప్పుడు అదే వేళ్ల అమరికతో పై స్థాయి స్వరం పలుకుతుంది. సమానమైన గొట్టం గల క్లారినెట్టులో షడ్జానికి పై స్థాయి షడ్జం కాక పై స్థాయి పంచమం వస్తుంది. కనుక నాగస్వర సాధకుడు ఒకే వేళ్ల అమరికతో రెండు షడ్జాలను మార్చి మార్చి ఊదుతూ, రెండూ శ్రుతిలో కలిసే ఊపిరి కొలతను కనుగొనాలి. శార్ఙ్గదేవుడు చెప్పిన త్రిస్థానత్వం, అనగా మూడు స్థాయిలలోనూ నాదం సమర్థంగా పలకడం, ఈ అభ్యాసంవల్లనే సిద్ధిస్తుంది. నాలుకతో స్వరాలను విడదీసే తుత్తుకారం దీని తరువాతి మెట్టు. నాదం నిలకడ పొందకముందే దీనిని ఆరంభించిన విద్యార్థికి వేగం వస్తుందిగాని వ్యక్తి, అనగా స్పష్టత, రాదు.

నాగస్వరం ఆరుబయట, ఊరేగింపులలో మ్రోగే మంగళవాద్యం. కనుక బలంగా ఊదడమే నాదమని బాలవిద్యార్థి భ్రమపడతాడు. ఘనత వేరు, బిగ్గరతనం వేరు. పన్నెండు గుణాలలో ఘనతతోపాటు కోమలత్వం కూడా ఉండటం ఈ సందర్భంలో స్మరణీయం.

పీక సంరక్షణ

పీకను ఊదేముందు తడిపి మెత్తపరచాలి. ఎండిన పీక కీచుమంటుంది, చీలిపోతుంది. అతిగా నానినది ఉబ్బి బరువెక్కుతుంది. కొత్తపీకను మొదటిరోజే గంటలకొద్దీ ఊదరాదు. కొద్దిసేపు చొప్పున కొన్నాళ్లు అలవాటు చేయాలి. మూడు నాలుగు పీకలను మార్చి మార్చి వాడితే ఒక్కొక్కదానికి ఆరే వ్యవధి లభిస్తుంది. సాధన ముగిసిన వెంటనే లాలాజలాన్ని తుడిచి, నీడలో ఆరబెట్టి, గాలి ఆడే పెట్టెలో ఉంచాలి. తడిగా మూసివేస్తే బూజు పడుతుంది, ఎండలో పెడితే పగులుతుంది. తాంబూలంగాని తీపిగాని తిన్నప్పుడు నోరు పుక్కిలించక ఊదరాదు. పీక కొనను పళ్లకు తగలనీయరాదు. ఒకరి పీకను మరొకరు వాడరాదు. వానాకాలంలో పీక ఉబ్బి, వేసవిలో బిగుసుకుంటుంది. కనుక ఏ పీక ఏ వాతావరణంలో బాగా పలికినదో గుర్తు పెట్టుకొనడం మేలు.

సంప్రదాయం, కర్తవ్యం

ఒక నాదాన్ని వెదకుకుంటూ పోయిన తెలుగు విద్వాంసునికి షేక్ చినమౌలానా (1924–1999) ఉదాహరణ. ప్రకాశం జిల్లా కరవదిలో జన్మించి, చిలకలూరిపేట సంప్రదాయంలో విద్య నేర్చి పేరు పొందిన పిమ్మట కూడా ఆయన తృప్తిపడలేదు. టి.ఎన్. రాజరత్నం పిళ్లై (1898–1956) వాదనానికి ఆకర్షితుడై, తంజావూరు బాణీని నాచ్చియార్‌కోయిల్ సోదరుల వద్ద అభ్యసించి, శ్రీరంగంలో స్థిరపడ్డాడు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీతకళానిధి ఆయనను వరించాయి. పేరు వచ్చిన తరువాత తిరిగి శిష్యుడగుటకు అంగీకరించిన ఆ వినయం యువసాధకులకు ఆదర్శం.

పీకను గురించిన జ్ఞానం అధికభాగం గురువు నోటినుండి శిష్యుని చేతికి అందినది. ఏ రెల్లు మంచిది, నోటి తెరపు ఎంత ఉండాలి, పాడైన పీక లక్షణాలేమి అన్న విషయాలకు తెలుగు నాదస్వర కుటుంబాలలో ప్రత్యేకమైన పలుకుబళ్లు ఉన్నాయి. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాలకు చేసిన మేలు ఈ పదాలకు కూడా జరగాలి. వృద్ధ విద్వాంసులు ఉండగానే వాటిని సేకరించడం ప్రాచ్యకళాశాలల పరిశోధకులకు తగిన పని. లక్షణగ్రంథం పఠించినవారికి ఫూత్కారగుణం తెలుసు, పీక దిద్దేవారికి దాని ఉపాయం తెలుసు. ఈ రెండు జ్ఞానాలూ ఒకచోట చేరినప్పుడే పాఠం సమగ్రమవుతుంది.

శార్ఙ్గదేవుడు నాదశబ్దంలోని నకారాన్ని ప్రాణంగా, దకారాన్ని అగ్నిగా చెప్పాడు. ఆ రెంటి సంయోగాన్ని నాగస్వరంలో మోసేది ఒక గడ్డిరేకు. ఫూత్కారగుణాల జాబితాలో చివరి గుణం సావధానత. తడి ఎంత, తెరపు ఎంత, ఊపిరి ఎంత అని ప్రతిదినం కనిపెట్టి చూచే శ్రద్ధయే అది. అది అలవడిన విద్యార్థి చేతిలో చవకైన పీక కూడా కొంతకాలం నిండుగా పలుకుతుంది.